చిరునామా ఉన్న నేరం

మా అపార్ట్‌మెంటులో నీళ్లు ఆగినప్పుడల్లా ఫోనులో ఒకే తరహా సందేశం వస్తుంది. "మోటారులో సమస్య వచ్చింది. సరిచేయడం జరిగింది. అందరి సహకారానికి ధన్యవాదాలు." చదువుతాం, ఫోను పక్కన పెట్టేస్తాం. కుళాయిలో ధార మొదలయ్యాక ఇంక అడగడానికేముంటుంది? కానీ కొన్నాళ్లుగా ఆ మూడు ముక్కలు నన్ను వదలడం లేదు. వాటిలో మనిషి లేడు. మోటారు ఆపకుండా వదిలేసిందెవరు? రాత్రికి రాత్రి సంపులోకి దిగి బాగుచేసిందెవరు? ఇద్దరూ లేరు. తప్పు చేసినవాడిని దాచబోయి దిద్దినవాడిని కూడా చెరిపేశాం. సమస్య దానంతట అదే వచ్చి, దానంతట అదే వెళ్లిపోయింది. ఇలాంటి వాక్యాల మధ్య బతకడం మనకెప్పటి నుంచి అలవాటైంది?

పక్క ఫ్లాట్ అబ్బాయి గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాటల్లో ఈ సంగతి ఎత్తితే, తమ ఆఫీసులోనూ అంతేనన్నాడు. సర్వర్లు పడిపోయి మళ్లీ లేచాక ఒక నివేదిక రాస్తారట. ఏ గంటకు ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి, అన్నీ వివరంగా ఉంటాయి. పేర్లు మాత్రం ఉండవు. "పేరు రాశామనుకోండి ఆంటీ, రేపటి నుంచి ఎవరూ నిజం చెప్పరు" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. వేలు చూపిస్తారన్న భయముంటే మనిషి ముందు తనను కాపాడుకుంటాడు, పొరపాటు ఎలా జరిగిందో ఎప్పటికీ బయటికి రాదు. విమానయానంలో, వైద్యంలో ఎన్నో ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠమిది. గూగుల్ ఇంజనీర్లు తమ పనితీరు మీద 2016లో తెచ్చిన పుస్తకంలో దీనికోసం ఒక అధ్యాయమే కేటాయించారు. నేను ఆ పద్ధతిని గౌరవిస్తాను. అయినా ఒక సందేహం. ఏళ్ల తరబడి 'ఏమైంది, ఎందుకైంది' అని మాత్రమే రాస్తూ వచ్చిన మనిషికి, ఒక వయసు దాటాక 'ఎవరు?' అని గట్టిగా అడగాలనిపించదా?

ఈ సందేహానికి ఒక మనిషి రూపం దొరికింది. కీత్ రాఫెల్ అనే అమెరికన్. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో పెరిగాడు. న్యాయశాస్త్రం చదివాడు. అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీకి న్యాయ సలహాదారుగా పనిచేశాడు. తర్వాత సిలికాన్ వ్యాలీకి తిరిగొచ్చి, అమ్మకాల సిబ్బంది ఇంటర్నెట్ ద్వారా తమ లెక్కలు చూసుకునే సాఫ్ట్‌వేర్ కోసం 'అప్‌షాట్' అనే కంపెనీ పెట్టాడు. 2003లో దాన్ని సీబెల్ సిస్టమ్స్ కొనేసింది. 2006లో ఆ సీబెల్‌ని ఒరాకిల్ కలిపేసుకుంది. సరిగ్గా ఆ 2006లోనే రాఫెల్ మొదటి నవల 'డాట్ డెడ్' వచ్చింది. అది హత్యానవల. జరిగేది సిలికాన్ వ్యాలీలో. 2009లో 'స్మాషర్' వచ్చింది, అదీ అక్కడిదే. ఆ తర్వాత 'ఎ ఫైన్ అండ్ డేంజరస్ సీజన్' అనే నవలలో, 1940 శరదృతువులో కొన్నాళ్లు స్టాన్‌ఫర్డ్‌లో గడిపిన కుర్రవాడు జాన్ కెన్నెడీని పట్టుకుని కథ అల్లాడు. మళ్లీ అదే ఊరి పొలిమేర.

కంపెనీ పెట్టి అమ్మినవాళ్లు పుస్తకాలు రాయడం కొత్త కాదు. ఎలా గెలిచామో, మీరెలా గెలవచ్చో చెప్పే పుస్తకాలు రైల్వే స్టేషన్ కొట్లలో కూడా దొరుకుతాయి. ఈయన ఆ దారి పట్టలేదు. హత్యానవలే ఎందుకు? తన వీధే ఎందుకు? అందరూ తడుముకోకుండా చెప్పే జవాబొకటి ఉంది. ప్రోగ్రాములో తప్పు వెతకడమూ నేరస్తుణ్ణి వెతకడమూ ఒకటేనని. నేనూ కొంతకాలం అలాగే నమ్మాను గానీ, ఆలోచిస్తున్నకొద్దీ ఆ పోలిక నిలబడటం లేదు. ప్రోగ్రాములోని తప్పు అబద్ధం చెప్పదు. అదే పరిస్థితి కల్పిస్తే అదే చోట మళ్లీ పట్టుబడుతుంది. తనను ఎవరో వెతుకుతున్నారని దానికి తెలియదు. హంతకుడికి తెలుసు. అతను నవ్వుతాడు, కాఫీ ఇస్తాడు, చనిపోయినవాళ్ల గురించి కళ్లు తుడుచుకుంటాడు. అతను చేసిన పని మళ్లీ జరగదు, జరిపించి చూడనూ కూడదు. యంత్రంలో లోపం వెతికే ఆనందం చాలనుకునేవాడికి నవల అక్కర్లేదు. నవల దగ్గరికి వచ్చాడంటే యంత్రం ఇవ్వలేనిదేదో కావలసి వచ్చాడు.

అదేమిటో ఊహించబోతే ముందు నాకు ఆ 2003, 2006 కళ్ల ముందు నిలుస్తాయి. ఒక కంపెనీ కోసం మనుషులు రాత్రుళ్లు మేలుకుంటారు, పెళ్లిళ్లకు వెళ్లలేకపోతారు, పిల్లల మొదటి అడుగులు ఫోనులో చూస్తారు. కొన్నేళ్లకు దాని పేరు ఇంకో పేరులో కలుస్తుంది, ఆ పేరు మరో పేరులో కరుగుతుంది. రాసిన ప్రోగ్రాము ఏ యంత్రంలోనూ నడవదు. అది బతికున్న రోజుల్లో కూడా దానికంటూ ఒక ఊరు లేదు. చికాగోలో వాడినా చెన్నైలో వాడినా ఒక్కలాగే ఉండాలి, అదే దాని గొప్ప. హత్యానవల దీనికి పూర్తిగా ఎదురు. దాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారిస్తే కథ కూలిపోతుంది. ఆ వంటింటి కిటికీలోంచి ఎదురింటి గేటు కనిపిస్తుందా, ఆ సందులో సాయంత్రం ఆరు తర్వాత ఎవరు నడుస్తారు, వాగు మీది వంతెన నుంచి రోడ్డు ఎంత దూరం? మామూలు నవలలో ఇవి వర్ణనలు. ఇక్కడ ఇవే సాక్ష్యాలు. ఊరు తెలియనివాడు దొంగను పట్టలేడు. ఊరిని ఇంత పట్టుదలగా తెలుసుకోమని బలవంతపెట్టే సాహిత్యరూపం ఇంకొకటి ఉందా? నాకు తోచడం లేదు.

'డాట్ డెడ్'లో చనిపోయేది ఒక పెద్ద కంపెనీ అధికారి ఇల్లు శుభ్రం చేసే యువతి. శవం దొరికేది ఆయన ఇంట్లోనే. పోలీసుల అనుమానం ఆయన మీదికే పోతుంది. తనను కాపాడుకోవాలంటే ఆయనకు ఆమె గురించి తెలుసుకోక తప్పదు. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయాను. ఎవరైతే మన గదులన్నీ తిరిగి, మన మంచం దుప్పటి మార్చి, మన చెత్తబుట్ట చూసి మన రహస్యాలన్నీ ఎరిగి ఉంటారో, వాళ్ల గురించి మనకేమీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక చావు జరగాలా? సిలికాన్ వ్యాలీలోనైనా మన కొండాపూర్‌లోనైనా ఈ ప్రశ్న ఒక్కటే. ఇది రాఫెల్ ఉద్దేశించిన మాట అనడం లేదు, నాకు తగిలిన మాట. వేల మంది వినియోగదారులకు పనికొచ్చే వస్తువు తయారుచేసినవాడు, రెండో జీవితంలో ఒకే ఒక్క పనమ్మాయి చావు దగ్గర కూర్చుని, ఆమె ఎవరు, ఆమెను ఎవరు చంపారు అని మూడువందల పేజీల పాటు అడుగుతున్నాడు. ఆ కూర్చోవడంలో ఏదో తీర్చుకోవడం ఉందనిపిస్తుంది. పశ్చాత్తాపమని మాత్రం అనను.

పాలో ఆల్టో గురించి చదువుతూ పోతే తెలిసిన ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ ఊళ్లో ఆడిసన్ అవెన్యూ 367వ నంబరు ఇంటి కారు షెడ్డులో 1939లో హ్యూలెట్, ప్యాకార్డ్ తమ కంపెనీ మొదలుపెట్టారు. సిలికాన్ వ్యాలీ పుట్టినచోటని అక్కడ ఫలకం పెట్టారు. కానీ ఆ ఇద్దరినీ తయారుచేసింది పక్కనున్న స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం. ఆ విశ్వవిద్యాలయం మొదట్లోనే ఒక హత్య ఉంది. పదహారేళ్లు నిండకుండా టైఫాయిడ్‌తో పోయిన ఒక్కగానొక్క కొడుకు పేరిట లీలాండ్, జేన్ స్టాన్‌ఫర్డ్ దంపతులు కట్టిన చదువులగుడి అది. 1893లో భర్త పోయాక జేన్ ఒంటరిగా దాన్ని నిలబెట్టింది. 1905 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఇంట్లో ఆమె తాగిన నీళ్లు చేదుగా ఉన్నాయి. వాంతి చేసుకుని బతికింది. ఆ నీళ్లలో స్ట్రిక్‌నైన్ విషం బయటపడింది. భయపడి హవాయి వెళ్లింది. ఫిబ్రవరి 28 రాత్రి హొనొలులులోని మోఆనా హోటల్లో, జీర్ణానికని సోడా పొడి వేసుకున్న కాసేపటికి ఒళ్లంతా కొయ్యబారి, నాకు విషం పెట్టారు అని చెబుతూనే చనిపోయింది. అక్కడి విచారణ జ్యూరీ స్ట్రిక్‌నైన్ వల్ల మరణమని తేల్చింది, పెట్టిందెవరో తెలియదంది. ఆ పైన విశ్వవిద్యాలయ అధ్యక్షుడు డేవిడ్ స్టార్ జోర్డన్ హొనొలులు వెళ్లి, వేరే వైద్యుణ్ణి పెట్టుకుని, గుండె ఆగి చనిపోయిందని ప్రకటించాడు. లోకం చాలాకాలం ఆ మాటతోనే సరిపెట్టుకుంది.

చూడండి, హత్యకు కర్త కావాలి, గుండె జబ్బుకు అక్కర్లేదు. ఒక సంస్థ తన పరువు కోసం, దాతల కోసం, ఆస్తి వ్యవహారాల కోసం, 'ఎవరు' అన్న ప్రశ్నను పక్కకు నెట్టి 'ఏ కారణం' అన్న ప్రశ్నను ముందుకు తెచ్చింది. అదే విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించిన రిచర్డ్ వైట్, 2022లో ఆ పాత కాగితాలన్నీ తవ్వి ఒక పుస్తకం రాశారు. రెండుసార్లూ జేన్ పక్కనే ఉన్న కార్యదర్శి బెర్తా బెర్నర్ వైపు ఆయన అనుమానం మొగ్గింది. నూటపదిహేడేళ్ల తర్వాత ఒక చరిత్రకారుడు డిటెక్టివ్ పనికి దిగాడు. ఆప్రికాట్ తోటలు పోయి చిప్పుల కర్మాగారాలొచ్చి, అవీ పోయి అద్దాల మేడలొచ్చిన ఆ నేల మీద, మొదటి ప్రశ్న ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. మన సన్నీవేల్, ఫ్రీమాంట్ తెలుగు కుటుంబాలు ఎన్నో తమ పిల్లలను స్టాన్‌ఫర్డ్ ప్రాంగణం చూపించడానికి తీసుకెళ్తాయి. ఆ పసుపురంగు రాతి తోరణాల కింద ఫోటోలు దిగుతాయి. జేన్ కథ కూడా ఆ పిల్లలకు చెబితే బాగుంటుందని నా ఆశ.

అయితే ఈ 'ఎవరు'ను ఇంతగా నెత్తికెత్తుకోవచ్చా? పేరు అడగడమంటే మన దగ్గర ఎప్పుడూ బలహీనుడి పేరు అడగడమే. ఇంట్లో గొలుసు పోతే ముందు పనమ్మాయి సంచి వెతుకుతారు. ఈ సంగతి రావిశాస్త్రి కంటే బాగా ఎవరికి తెలుసు? రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖలో వకీలు. కోర్టు వరండాల్లో నిలబడి చూసిన బతుకుల్ని 'ఆరు సారా కథలు'గా రాశారు. నేరం, పోలీసు, సాక్షి, మేజిస్ట్రేటు అందరూ ఉంటారు, డిటెక్టివ్ మాత్రం ఉండడు. ఉండనక్కర్లేదు. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు. ఎవరికి శిక్ష పడుతుందన్నదే అక్కడ ప్రశ్న. ఒక ఊరి నేరాన్ని ఆ ఊరి యాసలో, ఆ ఊరి సందుల్లో నిలబెట్టి మనవాళ్లలో అంత లోతుగా రాసిన మనిషి ఆయనే. కంపెనీ నివేదికలు పేరు రాయకపోవడం వెనక ఉన్న దయ కూడా రావిశాస్త్రిని చదివాకే నాకు సరిగ్గా అర్థమైంది. పేరు రాస్తే మొదట పడేది కింది మెట్టు మీదివాడే. అయినా నా మనసు తిరిగి మొదటికే వస్తోంది. పేరు దాస్తే కింది మెట్టువాడు బతికాడు, మంచిదే. పై మెట్టువాడు కూడా బతికిపోయాడు కదా? మంచి హత్యానవల ఈ రెండింటి మధ్య నడుస్తుంది. తొందరపడి దొరికిన పేరును కాదని, అసలు పేరు దాకా ఓపిగ్గా వెళ్తుంది. సులభంగా దొరికిన నిందితుణ్ణి విడిపించడం డిటెక్టివ్ చేసే మొదటి పని. అసలువాణ్ణి పట్టుకోవడం ఆ తర్వాతిది.

వేసవి సెలవుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు నవలలు నాకు ఈ ఓపికను మొదట నేర్పాయి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. అట్ట చిరిగి, మొదటి పేజీలు పోయి, చివరి పేజీ ఉందో లేదో ముందే చూసుకుని తెచ్చుకునేవాళ్లం. ఎండలో మంచం మీద బోర్లా పడుకుని చదువుతుంటే మద్రాసు వీధులు కళ్లకు కట్టేవి. అప్పుడు తట్టని ప్రశ్న ఇప్పుడు తడుతోంది. మన డిటెక్టివ్ మద్రాసులో ఎందుకున్నాడు? మన అచ్చాఫీసులు, సినిమాలు అక్కడున్న కాలమది, రచయితలూ అక్కడే. కాబట్టి యుగంధర్ అక్కడే. మన నేరపరిశోధకుడు పక్క రాష్ట్రపు రాజధానిలో కాపురముంటే, మన తెనాలి, మన వరంగల్, మన కర్నూలు అతని చేతికి చిక్కలేదు. కొమ్మూరి ప్రతిభకు ఇది ఏ మాత్రం లోటు కాదు. మా ఊరి వీధులకు ఆ భాగ్యం కలగలేదే అన్న దిగులు మాత్రమే.

మద్రాసు అనగానే ఇంకో మనిషిని తలుచుకోకుండా ఉండలేను. తమిళులు సుజాత అని పిలుచుకునే ఎస్. రంగరాజన్. రచయితగా పెట్టుకున్నది భార్య పేరు. శ్రీరంగంలో నాయనమ్మ దగ్గర పెరిగాడు. ఎలక్ట్రానిక్స్ చదివి, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా ఏళ్ల తరబడి పనిచేశాడు. గణేశ్, వసంత్ అనే ఇద్దరు లాయర్లను సృష్టించి, వాళ్లతో ఎన్నో హత్యల చిక్కుముడులు విప్పించాడు. మనకు ఆయన మాటలు తెలియకుండానే తెలుసు. 'రోజా', 'భారతీయుడు' తమిళ మాతృకలకు సంభాషణలు ఆయనవే. రాఫెల్‌లా ఈయన ఒక జీవితం ముగించి రెండోది మొదలుపెట్టలేదు, రెండూ పక్కపక్కనే నడిపాడు. ఆయన కంపెనీలో పర్యవేక్షించిన పనుల్లో ముఖ్యమైనది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం. అది తయారుచేసిన సంస్థలు రెండు. ఒకటి ఆ భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది మన హైదరాబాద్ ఈసీఐఎల్. 1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి దాన్ని వాడారు. ఆ యంత్రానికి ప్రాణం లాంటి గుణమేమిటి? ఎవరు ఎవరికి వేశారో చెప్పకపోవడం. లెక్క ఒక్కటీ తప్పకూడదు, పేరు ఒక్కటీ బయటపడకూడదు. పగలు ఆ పనిలో ఉన్న మనిషి, మిగిలిన వేళల్లో పత్రికలకు రాసినవి 'ఎవరు' అన్నది తేలేదాకా పాఠకుణ్ణి వదలని కథలు. ఈ రెండు పనులకూ ఒకే నిజాయితీ కావాలి. ఎక్కడ పేరు దాచడం ధర్మమో, ఎక్కడ చెప్పడం ధర్మమో తెలిసిన చెయ్యి అది. ఆయన్ను తలుచుకుంటే, మోటారు సందేశంతో మొదలైన నా చిరాకు కొంత మెత్తబడుతుంది.

ఊరి కథ రాస్తే ఊరు జవాబు చెబుతుందని కూడా ఆయనకు తెలిసొచ్చింది. 1857 తిరుగుబాటు కాలం మీద 'కుముదం' వారపత్రికలో మొదలుపెట్టిన సీరియల్‌కు బెదిరింపులొచ్చి ఆపేయవలసి వచ్చింది. తర్వాత వేరే పేరుతో మళ్లీ రాశాడు. ప్రోగ్రాము బాగాలేకపోతే ఫిర్యాదు వస్తుంది. కథ తగిలితే మనుషులు గుమ్మం ముందుకొస్తారు. ఆ ప్రమాదం లేని చోట రాయడానికి ఏముంది?

ఇంత తిరిగి నేను చేరేది మా మాదాపూర్‌కే. 1998లో సైబర్ టవర్స్ లేచినప్పుడు చుట్టూ బండరాళ్లు, సీతాఫలం చెట్లు. ఇప్పుడు ఒక తరం ఉద్యోగులు రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. కొందరు కంపెనీలు పెట్టి అమ్మేశారు, చేతిలో తీరిక ఉంది, డబ్బుంది. వాళ్లలో ఒక్కరైనా ఈ నేల మీద ఒక హత్యానవల రాయకూడదా? దుర్గం చెరువు ఉంది, ఒకప్పుడు గోలకొండ కోటకు తాగునీరిచ్చిన చెరువు. దాని మీద 2020లో తీగల వంతెన వచ్చింది, దీపాల కింద జనం సెల్ఫీలు దిగుతారు. కోకాపేటలో ఎకరం అమ్ముకున్న అన్నదమ్ముల్లో ఒకడు మేడ కట్టాడు, ఇంకొకడు అదే మేడకు కాపలా ఉన్నాడు అంటే నమ్మనివాళ్లెవరు? తెల్లవారుజామున ట్యాంకర్ తెచ్చే డ్రైవరు, నైట్ షిఫ్టు క్యాబ్ నడిపే కుర్రాడు, లేడీస్ హాస్టల్లో వంటమనిషి, ఒడిశా నుంచి వచ్చి పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డు. గోడగోడకూ కెమెరా ఉంది. అది మనిషి ఎన్నింటికి ఎటు వెళ్లాడో చూపిస్తుంది. ఫోను టవరు ఎక్కడున్నాడో చెబుతుంది. ఎందుకు వెళ్లాడో, తిరిగొస్తూ గేటు దగ్గర ఎందుకు తడబడ్డాడో చెప్పాలంటే అతన్ని ఎరిగిన మనిషి కావాలి.

ఆ నవల రాసేవారికి రెండు చెవులు కావాలి. భూమి అమ్ముకున్నవాళ్ల తెలంగాణ మాట ఒకటి, ఫ్లాట్లు కొనుక్కున్న కృష్ణా, గోదావరి, అనంతపురం వాళ్ల మాట ఇంకొకటి. ఒకే లిఫ్టులో రోజూ ఎదురుపడుతూ ఒకరి మాటలో ఇంకొకరికి వినిపించని బాధలున్నాయి, అక్కడే కథంతా ఉంది. కోడ్ రాసినవాళ్లకు ఓపికుంది, చిన్న వివరాన్ని వదలని అలవాటుంది. కావలసింది ఇంకొక్కటే, కాస్త కిందికి దిగి నడవడం. ఆ పుస్తకంలో మొదటి సాక్షిగా ప్రతి అంతస్తూ ఊడ్చే ఆవిడను పిలవాలి. ఏ తలుపు ఏ వేళకు తెరుచుకుంటుందో, ఏ బుట్టలో ఏ సీసాలున్నాయో, ఏ ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారో ఆమెకు తెలుసు. అన్ని దారులూ మూసుకుపోయాక చివర్లో కాకుండా, మొదటి అధ్యాయంలోనే, ఆమె పేరు అడిగి కుర్చీ వేసి పిలవాలని నా కోరిక.